మొదటి సెమిస్టర్

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ప్రసంగానికి అచ్చు రూపం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే ఆయన కనిపెట్టిన మందుల గురించి చెబుతారని మీరు ఎదురుచూసి ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగల వైద్యులు, రసాయన శాస్త్రం తెలిసినవారు ఈ సభలోనే ఉన్నారు. నేను ఇక్కడ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో పై చదువు చదివి, అక్కడే చాలాకాలం పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి. అంచేత ఆయన జీవితంలో నాకు చనువున్న భాగం ఒక్కటే తీసుకున్నాను. పరాయి దేశంలో ఆయన విద్యార్థిగా మొదలుపెట్టిన రోజులవి. ఈ ఊరి నుంచి ప్రతి ఆగస్టులో విమానం ఎక్కే పిల్లలకు ఆ రోజులతో పని ఉంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకునే మన ఊళ్లలో ఈ సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది వ్యవధిలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. మిగతా పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ, అక్కణ్ణుంచి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకు సీటు తెచ్చుకున్నారు. స్కాలర్‌షిప్ లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం, మామగారు కూడదీసిన డబ్బు, ఈ రెండింటి ధైర్యంతో 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగారు. మామగారి డబ్బుతో అమెరికా వెళ్లే ఆనవాయితీకి మన దగ్గర వందేళ్లు నిండాయన్నమాట.

ఆ డబ్బు చాలలేదు. వైద్యం చదివిన మనిషి రాత్రిళ్లు బోస్టన్ ఆసుపత్రిలో పోర్టరుగా చేరి రోగుల బెడ్‌పాన్‌లు కడిగాడు. మనవాళ్లకు ఈ ఘట్టం మహా ఇష్టం. సుబ్బారావు గారి మీద ఎక్కడ సభ జరిగినా వక్త ఇక్కడ ఆగుతాడు, గొంతు బరువెక్కుతుంది, చప్పట్లు మోగుతాయి. కష్టపడ్డాడు గనుక పైకొచ్చాడు అన్న కథ వినడానికి బాగుంటుంది. కానీ బెడ్‌పాన్‌లు కడిగిన వాళ్లు బోస్టన్‌లో ఎందరో ఉంటారు. పగటిపూట ఆయన ఏం చేశాడన్నది అసలు ప్రశ్న.

పగటిపూట ఆయన కొలవడం నేర్చుకున్నాడు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగానికి మారి, సైరస్ ఫిస్క్ అనే అధ్యాపకుడి దగ్గర పనికి కుదిరాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కచ్చితంగా, త్వరగా చెప్పే పద్ధతి కావాలి. అప్పటికి ఉన్న పద్ధతులు నమ్మకంగా లేవు. వినడానికి ఇందులో ఆకర్షణ ఏమీ లేదు. ప్రాణాలు కాపాడే మందు కనిపెడతానని సముద్రం దాటిన యువకుడికి చేతిలో పెట్టింది పరీక్షనాళికలో నీలి రంగు చిక్కదనం కొలిచే పని. ఆ పద్ధతి 1925లో అచ్చయింది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ దాన్ని వాడుకున్నాయి. ఆ కొలబద్ద చేతిలో ఉండబట్టే, కండరంలో శక్తిని దాచి ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం వాళ్ల కళ్లబడింది. అది 1927. ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది 1930లో, 35వ ఏట. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, కాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన హార్వర్డ్ వదిలి 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాక అక్కడ ఆయన నడిపించిన పరిశోధనలోంచి వచ్చినవి. వాటి పునాది మాత్రం ఆ కొలతల గదిలో పడింది.

ఈ కథలో నన్ను ఆకట్టుకునేది ఒక్క విషయం. వెళ్లాలన్న తపన ఆయనకు మనలో ఎవరికన్నా తక్కువ లేదు. కానీ వెళ్లిన తర్వాత చదువు అక్కడే మొదలవుతుందని ఆయనకు అర్థమైంది. మన ఇళ్లలో ఇవాళ ఈ రెండో సగం మాయమైపోయింది. నేను చెప్పదలచుకున్నది అదే.

ప్రయాణానికి ముందు ఏడాది పాటు ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. మూడో సంవత్సరం నుంచే జీఆర్‌ఈ మాట మొదలవుతుంది. ఆ పరీక్ష అక్కర్లేదని 2020 తర్వాత చాలా యూనివర్సిటీలు అనడంతో అది కాస్త తగ్గింది గానీ టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ అలాగే ఉన్నాయి. తర్వాత కన్సల్టెన్సీ. తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్‌ల కోసం యూనివర్సిటీ చుట్టూ ప్రదక్షిణలు. అడ్మిట్ వచ్చాక బ్యాంకు లోను, ఇంటి కాగితాలు, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం చేతికొచ్చాక 350 డాలర్ల సెవిస్ ఫీజు, వీసా ఫీజు, డీఎస్-160 ఫారం, స్లాట్ కోసం రాత్రిళ్లు కంప్యూటర్ ముందు జాగారం. ఒకప్పుడు ఇంటర్వ్యూకి చెన్నై పోవాలి. 2008లో హైదరాబాద్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు, 2023లో నానక్‌రామ్‌గూడకు మార్చారు. ఊరు ఏదైనా చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, పని అయితే నూటెనిమిది మామూలే. ఆ నూటెనిమిదీ పూర్తయ్యాక షాపింగ్. ప్రెషర్ కుక్కర్, ఆవకాయ, కందిపొడి. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు దాటకుండా బాత్రూమ్ తూకం మీద నాలుగుసార్లు ఎక్కించి దించడం. శంషాబాద్‌లో పదిహేను మంది చేతులు ఊపుతారు. పెళ్లి అయిపోయినట్టు అందరూ అలిసిపోయి ఇంటికి వస్తారు.

ఇంత తతంగంలో ఆ పిల్ల ఏం చదవబోతోందో ఎవరైనా అడిగారా? ‘కంప్యూటర్ సైన్సు’ అంటే సరిపోతుంది. ఆ విభాగంలో ఎవరున్నారు, వాళ్లు దేని మీద పనిచేస్తున్నారు, వాళ్లు రాసిన ఒక్క వ్యాసమైనా ఈ అమ్మాయి చదివిందా అన్న మాట ఆ ఇంట్లో రాదు. పర్పస్ స్టేట్‌మెంట్ కన్సల్టెన్సీ వాళ్లు రాసి ఇచ్చారు. సిఫారసు లేఖలు ఈ అమ్మాయే రాసుకుంటే లెక్చరర్ గారు సంతకం పెట్టారు. ఇవన్నీ మోసాలని కోప్పడటానికి నేను రాలేదు. ఒక చదువు మొదలుకావలసిన చోట్ల అన్నింటిలోనూ వేరేవాళ్ల చేతి రాత ఉండిపోయిందని మాత్రం చెబుతున్నాను.

అక్కడ దిగాక మొదటి వారం బాగానే గడుస్తుంది. సీనియర్లు కారులో వచ్చి ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళతారు, నాలుగు రోజులు తమ గదిలో ఉంచుకుంటారు, పప్పు పెడతారు. తెలుగు పిల్లల్లో ఉన్న ఈ సాయగుణానికి సాటి లేదు, నేను చాలా దేశాల పిల్లల్ని చూశాను. తర్వాత రిజిస్ట్రేషన్. పై చదువు విద్యార్థికి ఫుల్ టైమ్ అంటే సాధారణంగా తొమ్మిది క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు. మన దగ్గర సెమిస్టర్‌కి ఆరేసి సబ్జెక్టులు, వాటి ల్యాబులు లాగిన పిల్లలకు మూడే అనగానే నవ్వొస్తుంది. పార్ట్ టైమ్ పనికి బోలెడు టైం ఉందనుకుంటారు. ఆ నవ్వు సెప్టెంబరు నెలాఖరు దాకా ఉంటుంది.

ఏమవుతుందంటే, అక్కడ పరీక్ష ఆఖర్న రాదు. మొదటి వారం నుంచే ఉంటుంది. ప్రతి వారం హోంవర్క్, దానికి మార్కులు, ఆ మార్కులు కలిపే గ్రేడు. క్లాసుకి వచ్చే ముందే చదివి రావాల్సిన వ్యాసాలు. ప్రొఫెసర్ అందులోంచి పాఠం చెప్పడు, చదివేశావనుకుని మాట్లాడతాడు. మన దగ్గర పరీక్షకు పది రోజుల ముందు ఆల్ ఇన్ వన్ తిరగేసి గట్టెక్కిన నేర్పు అక్కడ పనికిరాదు. పదోవారంలో నిద్రలేచేసరికి సగం గ్రేడు పోయి ఉంటుంది. చాలా యూనివర్సిటీల్లో సగటు 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్‌లో పెడతారు, ఫండింగ్ ఉంటే దానికీ ముప్పే.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. మన కాలేజీల్లో ల్యాబ్ రికార్డు ఎలా రాస్తామో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ముందు బ్యాచ్ రికార్డు తెచ్చుకుని, రీడింగులతో సహా ఎక్కించడం. ఎక్స్‌టర్నల్‌కి తెలుసు, ఇంటర్నల్‌కి తెలుసు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతుంది, రిపోర్టు బైండింగ్‌తో సహా. ఇరవయ్యేళ్లు వచ్చేదాకా ఒక పిల్లవాడిని ఇలా పెంచి, విమానం దిగిన మూడో వారంలో ‘ఇంకొకరి వాక్యం వాళ్ల పేరు చెప్పకుండా రాస్తే దొంగతనం’ అంటే వాడికి అర్థం కాదు. విభాగం కమిటీ ముందు నిలబడి ‘అందరూ అలాగే చేస్తారండీ’ అన్న మన పిల్లల్ని నేను చూశాను. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. వాళ్లకు తెలిసిన లోకంలో నిజంగానే అందరూ అలాగే చేస్తారు. ఒక సబ్జెక్టులో ఎఫ్ వస్తే డబ్బు పోతుంది, మళ్లీ కట్టి చదవచ్చు. నిజాయితీ తప్పాడన్న మాట రికార్డులోకి ఎక్కితే యూనివర్సిటీ బయటికి పంపవచ్చు, పంపితే వీసా హోదా కూడా దానితోనే పోతుంది.

ఇంకొకరి మాట పేరు చెప్పి వాడుకోవడం, దాని మీద తన మాట నిలబెట్టడం ఎలాగో చూడాలంటే అంబేద్కర్ గారి విద్యార్థి దశ చూడాలి. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లకు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చేరారు. గడువు తక్కువని తెలిసి కనబడ్డ కోర్సల్లా చదివారు. ఒక్క ఆర్థికశాస్త్రంలోనే ఇరవై తొమ్మిది. చరిత్ర, సమాజశాస్త్రం, తత్వం, మానవశాస్త్రం వేరే. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ అనే మానవశాస్త్రవేత్త సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక వ్యాసం చదివారు. ఆ వ్యాసం ఇవాళ్టికీ చదువుతున్నాం గానీ, అది ఒక క్లాసు కోసం రాసిన పేపరని చాలామంది గమనించరు. అందులో ఆయన ముందు, అప్పటికే కులం మీద రాసినవాళ్లలో సెనార్ట్ ఏమన్నాడు, నెస్‌ఫీల్డ్ ఏమన్నాడు, రిస్లీ ఏమన్నాడు, కేత్కర్ ఏమన్నాడని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తారు. ఒక్కొక్కరి దగ్గర ఏది పనికొస్తుందో, ఎక్కడ పొరబడ్డారో చెబుతారు. ఆ తర్వాతే, కులానికి ఆయువుపట్టు సొంత కులంలోనే పెళ్లి చేసుకునే నియమం అన్న తన మాట పెడతారు. పాతికేళ్ల కుర్రవాడు, పరాయి దేశంలో, పరాయి భాషలో, ప్రొఫెసర్ల ముందు. పై చదువు అంటే ఏమిటని నన్ను అడిగిన పిల్లలకు నేను ఆ వ్యాసం ఇచ్చి చదవమంటాను. కులం గురించి తెలుసుకోవడానికే కాదు, సెమినార్ పేపర్ ఎలా ఉంటుందో చూడటానికి కూడా.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి దారి ఇంకోరకం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తా గణాంక సంస్థలో చేరి, 1945లోనే తన పేరు శాశ్వతంగా నిలిపే వ్యాసం అచ్చు వేశారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది మ్యూజియంలో ఉద్యోగానికి. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో బయటపడ్డ పాత అస్థిపంజరాల కొలతలను గణాంకవేత్త మహలనోబిస్ రూపొందించిన పద్ధతిలో విశ్లేషించాలి. అక్కడ ఉంటూనే ఫిషర్ అనే గణాంకవేత్త దగ్గర పరిశోధనకు చేరారు. ఒకవైపు ఎముకలు, ఇంకోవైపు ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకలు. 1948కి పీహెచ్‌డీ అయింది. ఆయన అక్కడ కాలు పెట్టేసరికే చేతిలో సొంత ప్రశ్నలు ఉన్నాయి. రెండేళ్లలో ముగియడానికి మేధ ఒక కారణం, సందేహం లేదు. ఏం వెతుకుతున్నాడో తెలిసి వెళ్లడం ఇంకో కారణం. మేధ అందరికీ ఉండదు గానీ ఈ రెండోది ఎవరైనా సంపాదించుకోవచ్చు. అందుకు కావలసింది లైబ్రరీ, ఆరు నెలలు, విసుక్కోని ఒక మాస్టారు.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి, ఎందుకంటే అక్కడే మన కుటుంబాలకు సమాచారం తక్కువ, అప్పు ఎక్కువ. అమెరికాలో మాస్టర్స్ చదివేవాళ్లు చాలావరకు సొంత డబ్బు కడతారు. పీహెచ్‌డీలో చేరేవాళ్లకు, సైన్సు, ఇంజనీరింగ్ శాఖల్లో మరీను, సాధారణంగా ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బదులుగా కింది తరగతులకు పాఠాలు చెప్పాలి, లేదా ప్రొఫెసర్ పరిశోధనలో పనిచేయాలి. డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చని, దానికి మాస్టర్స్ తప్పనిసరి కాదని మన పిల్లల్లో సగం మందికి తెలియదు. కన్సల్టెన్సీలు చెప్పవు. వాళ్లకు వచ్చే కమీషన్ ఫీజు కట్టే సీట్ల మీద. ఇంకో సంగతి. ఫండింగ్‌తో సీటు ఇచ్చిన యూనివర్సిటీలు ఒక ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 15 దాకా జవాబుకు గడువు ఇస్తాయి. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన చోట ‘రేపటిలోగా ఒప్పుకో’ అని ఎవరూ ఒత్తిడి చేయకూడదు. ఈ తేదీ తెలియక మొదట వచ్చిన చోటికి తలూపి, తర్వాత మంచి చోటు వచ్చాక ఏడ్చినవాళ్లు ఉన్నారు.

పీహెచ్‌డీ అందరికీ కాదు, అవసరమూ లేదు. మాస్టర్స్ చేసి ఉద్యోగం చూసుకోవడంలో తప్పేమీ లేదు. ముప్పై, నలభై లక్షలు అప్పు చేసి, డాలరు ఎనభై రూపాయలు దాటిన రోజుల్లో వెళ్లే పిల్లవాడు ఉద్యోగం గురించి ఆలోచించకపోతేనే తప్పు. కానీ ఆ ఆలోచన మొదటి సెమిస్టర్‌ని మింగేయకూడదు. ఎఫ్-1 వీసా మీద చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, క్యాంపస్ బయట అనుమతి లేకుండా అసలు చేయకూడదు. పెట్రోలు బంకులో, హోటల్ వంటింట్లో నోట్లు చేతికిచ్చి పని చేయించుకునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ‘మన కుర్రాడికి సాయం చేస్తున్నా’ అంటారు. సగం కూలికి పని చేయించుకుంటూ, పట్టుబడితే తిప్పి పంపే ప్రమాదం మొత్తం ఆ కుర్రాడి నెత్తిన పెట్టడం సాయం ఎలా అవుతుందో నాకు తెలియదు.

చదువు పక్కకుపోయి వీసా ఒక్కటే మిగిలితే ఏమవుతుందో రెండుసార్లు చూశాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అక్కడ పేరు నమోదు చేసుకున్న పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు బిగించారు. ఆ యూనివర్సిటీని నడిపిన మహిళకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. దాన్ని ప్రభుత్వ అధికారులే ఎరగా పెట్టారు. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు, పేరు మాత్రం ఉంది. పట్టుబడ్డ 129 మంది భారతీయ విద్యార్థుల్లో మళ్లీ మన పిల్లలే ఎక్కువ. ఎర వేసిన ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికి చాలా ఉంది, అక్కడి న్యాయవాదులు పట్టారు కూడా. నా ప్రశ్న మన వైపుది. పాఠాలు చెప్పని యూనివర్సిటీకి ఫీజు కట్టడం వింతగా అనిపించని స్థితికి మన పిల్లలు ఎలా వచ్చారు? ఇక్కడే, హాజరు కొనుక్కునే కాలేజీల్లో, నాలుగేళ్లు అలవాటు చేశాం కాబట్టి.

అమెరికా చట్టం మన పట్ల ఎప్పుడూ మెత్తగా లేదు. సుబ్బారావు గారు వెళ్లేనాటికి 1917 చట్టం ఆసియా వలసకు తలుపులు మూసింది. విద్యార్థులను రానిచ్చేవారు, స్థిరపడనిచ్చేవారు కాదు. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1946లో ల్యూస్–సెల్లర్ చట్టం ఆ నిషేధం తీసేసి, ఏడాదికి వంద మందిని రానిచ్చింది. వంద మంది! 2023–24 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602. అందులో పై చదువుల్లో ఉన్నవాళ్లే 1,96,567. ఆ ఏడాదే మనం చైనాను దాటాం. అంకె పెరిగినంత మాత్రాన నేల గట్టిపడలేదు. 2025 వసంతంలో వేలాది విద్యార్థులకు, విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేశారు, కోర్టులకు వెళ్లాక పునరుద్ధరించారు. ఆ మే నెలాఖరులో కొత్త వీసా ఇంటర్వ్యూల స్లాట్లు కొన్ని వారాలు ఆపేశారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. దానితో జర్మనీ, ఐర్లండ్, ఆస్ట్రేలియా పేర్లు ఇళ్లలో ఎక్కువ వినబడుతున్నాయి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు గానీ బ్లాక్డ్ అకౌంట్లో ఏడాది ఖర్చు ముందే చూపాలి, భాష రాకపోతే ఉద్యోగం కష్టం. దేశం మారినా నేను చెప్పే మొదటి సెమిస్టర్ మారదు. నియమాలు మన చేతిలో లేనివి. తొమ్మిది క్రెడిట్లు మన చేతిలో ఉన్నవి.

తల్లిదండ్రులకు ఒక మాట. శనివారం రాత్రి వీడియో కాల్‌లో మీరు అడిగే ప్రశ్నల క్రమం నాకు తెలుసు. తిన్నావా, చలిగా ఉందా, ఇంటర్న్‌షిప్ ఏమైంది, పక్కింటి వాళ్లబ్బాయికి వచ్చిందట. ఈ నాలుగో ప్రశ్న మానేయండి. మొదటి చలికాలం ఎంత ఒంటరిగా ఉంటుందో పిల్లలు మీకు చెప్పరు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, అప్పు గుర్తొస్తుంది, ఒక పేపర్లో సి వచ్చి ఉంటుంది. ప్రతి యూనివర్సిటీలోనూ కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, చాలాచోట్ల విద్యార్థులకు ఉచితం. అక్కడికి వెళ్లడం పిచ్చి అని మన ఇళ్లలో ఇంకా అనుకుంటారు. వెళ్లమని మీరే ముందు చెప్పండి. ఫోన్‌లో ‘ఈ వారం ఏం చదివావు, నాకు అర్థమయ్యేలా చెప్పు’ అని అడిగి చూడండి. మీకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే వాడికీ ఇంకా అర్థం కాలేదన్నమాట. ఆ సంగతి వాడికే ముందు తెలుస్తుంది.

వెళ్లడానికి కుటుంబం చెల్లించే మూల్యం గురించి సుబ్బారావు గారి సభలో మాట్లాడకుండా పోవడం న్యాయం కాదు. ఆయన భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు. 1948 ఆగస్టులో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. మామగారి డబ్బు గురించి ఇందాక నేను హాస్యమాడాను గానీ, ఆ ఇంటి ఆడపిల్ల పెట్టిన పెట్టుబడికి లెక్క లేదు, ఆవిడ పేరున స్మారకోపన్యాసం కూడా లేదు. ఇవాళ విమానాలు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి. అయినా వీసా స్టాంపింగ్ భయంతో తల్లి చనిపోయినా రాలేకపోయిన పిల్లలు ఉన్నారు. వెళ్లే ముందు ఈ మాట ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. యలవర్తి నాయుడమ్మ గారి లాగా తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఆయన అమెరికాలోని లీహై యూనివర్సిటీలో తోళ్ల రసాయనం మీద పీహెచ్‌డీ చేసి మద్రాసు తోళ్ల పరిశోధన సంస్థకు వచ్చి, దాన్ని ప్రపంచం చూసేలా చేశారు. ఉండిపోవడమా, రావడమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. ఏది చేసినా చదివిన చదువు నిజమైనదై ఉండాలి.

ఇక కళాశాల యాజమాన్యానికి నా విన్నపం. ఈ ఉపన్యాసానికి మీరు పెట్టిన నిధిలో కొంత వేరే పనికి వాడండి. వచ్చే జూన్‌లో, వీసా స్లాట్ల కోసం పిల్లలు ఖాళీగా ఎదురుచూసే రోజుల్లో, విదేశాలకు వెళ్లబోయేవాళ్లకు రెండు వారాల తరగతి పెట్టండి. కొత్త సిలబస్ ఏమీ అక్కర్లేదు. తాము చేరబోయే విభాగం నుంచి వచ్చిన మూడు వ్యాసాలు ప్రతి విద్యార్థీ చదవాలి. వాటి మీద, ఎవరి మాట ఎవరిదో చెబుతూ, ఐదు పేజీలు సొంతంగా రాయాలి. రాసింది పదిమంది ముందు నిలబడి చెప్పి, ప్రశ్నలకు జవాబివ్వాలి. అద్దె ఒప్పందం, ఆరోగ్య బీమా, 20 గంటల నియమం, ఇవి ఒక పూటలో చెప్పేయవచ్చు. సీనియర్లు అక్కణ్ణుంచి వీడియోలో వచ్చి మొదటి సెమిస్టర్లో తమకు వచ్చిన గ్రేడ్లు దాచకుండా చెప్పాలి. వెళ్లనివాళ్లను కూడా కూర్చోనివ్వండి, వాళ్లకీ పనికొస్తుంది. కాపీ కొట్టిన పేపర్‌ను మొహమాటపడకుండా తిప్పి పంపే అధ్యాపకులు ఇద్దరు చాలు. మూడోవాడిగా నేను వస్తాను, నాకు ఇచ్చేది ఏమీ వద్దు. లైబ్రరీ మాత్రం రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచండి.